కీ ఇవ్వని గడియారం

భాలుబాసా, జంషెడ్‌పూర్
14 మే 1978

శ్రీవారి పాదాలకు గౌరీదేవి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తమ్మా కులాసాగానే ఉన్నాం. కలకత్తా నీళ్ళకు వచ్చిన మీ కడుపునొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది.

పరీక్షించి చూడమని అసిరయ్య బాబాయి చేతికిచ్చి పంపిన గడియారం భద్రంగా చేరింది. ఎలా నడుస్తోందని అడిగారు. కార్ఖానా సైరన్‌తో సరిచూస్తున్నాను. ఈ ఎండల్లోనూ కాస్తయినా తేడా రాలేదు. వెనకటి ఓడల గడియారాల యంత్రాన్ని మళ్ళీ తయారుచేసి, చేతికి కట్టుకునేంత చిన్నగా మలిచి, యాభై వాచీలు మాత్రమే బంగారు కేసుల్లో పెట్టి అమ్ముతారా! మీ కంపెనీవాళ్ళది గొప్ప పనే. కానీ దీని చప్పుడు మామూలు వాచీలా గబగబా ఉండదు. ఎవరో నిదానంగా నడుస్తున్నట్టుంటుంది.

అత్తమ్మ సంగతి రాయాలి. సైరన్ కూడా వినపడని మనిషి, ఈ గడియారం వచ్చిన మర్నాడే మంచం మీద నుంచి, "గౌరీ, ఎవుడో వత్తన్నాడే" అంది. గడియారమేమో ముందుగదిలో, అలమారులో ఉంది.

"ఎవరూ లేరత్తా."

"నీకేటి తెలుసు! కాలు ఈడుత్తన్నాడు. నా పోలరాజే. ఏటి ఒడ్డుకాడున్నాడు."

ఓడ పనికి వెళ్ళి సముద్రంలో తప్పిపోయిన, కాలు ఈడ్చి నడిచే మీ అన్నయ్య పేరు ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో! శవం దొరకలేదని కర్మ కూడా చేయనివ్వలేదు కదా. ఆ తర్వాత ఆయన ఏటి పక్క భుయ్యాడీహ్ బస్తీ దాటాడంది. ఇంకో రోజు మన వీధి మలుపు తిరిగాడంది.

మీకు చెప్పని మాట ఒకటుంది. ఒక్కరోజు కూడా కీ ఇవ్వడం మానొద్దన్నారు. భయమేసి మానేశాను. గడియారం ఆగిపోయింది. చెవికి ఆనించుకుని మరీ చూశాను, ఏ చప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం వీధిలో నడక నాకూ వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఇంకొకటి ఈడ్చినట్టు. మన గుమ్మం ముందు ఆగింది. మంచం దిగలేని అత్తమ్మ గోడ పట్టుకుని లేచి తలుపు వైపు నడిచింది. పడిపోతుందని నేనే వెళ్ళి గడియ తీశాను.

ఎవరూ లేరు. వడగాలి, ఖాళీ వీధి. అత్తమ్మ మాత్రం చెయ్యి పైకెత్తి, పొడుగాటి మనిషి చెంప నిమిరినట్టు గాలిని నిమిరింది. "సిక్కిపోనావురా" అంది. చాలాసేపు తలాడిస్తూ వింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఎంకటరావుకి ఉత్తరం రాయే. అన్నకి కర్మ సెయ్యమను. ఆడు ఆ మాటడగడానికే ఇంత దూరం నడిసొచ్చినాడు."

ఆ పూట ఆమె కడుపునిండా అన్నం తింది.

గడియారాన్ని అసిరయ్య బాబాయితోనే తిప్పి పంపుతున్నాను. సెలవు పెట్టి వెంటనే రండి. సువర్ణరేఖ ఒడ్డున ఆ కార్యం జరిపిద్దాం. మీరు వచ్చేదాకా బావగారు మన అరుగు మీదే కూర్చుంటారట. అత్తమ్మ అంటోంది. నేను ఆ మూల చీపురు వేయడం లేదు.

ఇట్లు,
మీ రాకకై ఎదురుచూసే ఇల్లాలు
గౌరీదేవి