బావ దాచిన బీరు మడ్డి

బావా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. దండలూ దణ్ణాలూ నాకు పడవని నీకు తెలుసు. అందుకే నీ చోళ్ల బీరే, అదే ఆ రాగుల బీరే, పెడదామనుకున్నాను. మొలకెత్తించి ఎండబెట్టిన చోళ్లు మరిగించి, నాలుగు రోజుల కిందట నీ నీళ్ల క్యానులో పోశాను. ప్రతిసారీ క్యాను అడుగున మిగిలే మడ్డిని మళ్లీ పులియబెట్టడానికి సీసాలో దాచేవాడివి కదా. ఆఖరి సీసాని అక్క ఏడాదిగా బెల్లం నీళ్లు పోస్తూ ఫ్రిజ్‌లో బతికించింది. అదంతా కలిపేశాను.

ధర్నాకి వేళయిపోతోందని మరిగిన నీళ్లు చల్లారనివ్వలేదు.

"సెయ్యెట్టి సూడ్రా బామ్మర్దీ, నీకు కాలితే మడ్డికీ కాల్తాది. కరపత్రాలు సదివి లోకాన్ని మార్చేత్తానంటావ్, గంటసేపు ఆగలేవేటి?" అనేవాడివి. ధర్నాలో గేటు ముందు నినాదం ఇస్తుండగా ఆ మాట గుర్తొచ్చింది.

క్యాను మూతకి పెట్టిన గొట్టం కొస గ్లాసు నీళ్లలోనే ఉంది. పులుస్తుంటే రావాల్సిన బుడగ ఇప్పటికీ ఒక్కటీ రాలేదు. ఆ వేడికి నీ మడ్డి చచ్చిపోయినట్టే. కొత్త ఈస్టు కొని వేస్తే పులుస్తుంది, కానీ అది నీది కాదు.

ఇందాక అక్క వచ్చింది. "ఏటిరా, బుడగలొత్తన్నాయా? మీ బావ మడ్డి ఎప్పుడూ మోసం సెయ్యలేదు."

"వత్తాయక్కా" అన్నాను.

తను కుర్చీ తెచ్చుకుని గ్లాసు ముందు కూర్చుంది.