అమ్మమ్మ తీసిన ముళ్ళు

ఆగస్టు 21, గురువారం. నరసాపురం.

భీమవరంలో తీయించిన మెడ స్కాన్ ఫోటోలు పొద్దున ఫోన్లో మా గ్రూపులో పెట్టాను. ఏళ్ళ తరబడి గొంతు నొప్పి తగ్గనివాళ్ళం, పట్టుమని పదిమందిమి ఉండం. రిపోర్టులో ఉన్న ఇంగ్లీషు నాకొక్క ముక్కా అర్థం కాలేదు.

సాయంత్రం గ్రూపులోని కాకినాడ ఆవిడ ఫోన్ చేశారు. "చెవి కింద నుంచి సన్నగా దిగిన ఎముక ఉంది చూడండి, అది అంత పొడుగుండకూడదండి. నాదీ అంతే ఉండేది. మింగినప్పుడు చేపముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుందాండి?" అని అడిగారు.

అమ్మమ్మ వండిన ఆఖరి పులస పులుసు గుర్తొచ్చింది. నేనింత పెద్దదాన్నయినా ముక్కను అలాగే కంచంలో వేసేది కాదు. ముళ్ళు తీసి, వేళ్ళతో నలిపి చూసుకుని అప్పుడు పెట్టేది. ఆ పూట తింటుండగానే మొదటిసారి గొంతులో గుచ్చుకుంది. వట్టన్నం ముద్దలు చేసి, "నమలకుండా మింగవే" అంటూ ఒకదాని తరవాత ఒకటి మింగించింది. తగ్గలేదు. "చూపానక నా చేత్తో నేనే నీకు ముల్లు పెట్టానే" అని పోయేదాకా అంటూనే ఉంది. మళ్ళీ పులస వండలేదు.

ఆ ఎముక కోసి తీసే ఆపరేషన్ అంటే భయంగా ఉంది. కాకినాడ ఆవిడ చేయించుకున్నారట, కానీ ఆవిడ గొంతు కాస్త బొంగురుగా... సోమవారం డాక్టరు గారిని అడగాలి.

ఇందాక ఫోటో మళ్ళీ తీసి చూశాను. సన్నగా, తెల్లగా, అచ్చం ముల్లులాగే ఉంది. ఇది నాదే అమ్మమ్మా. నువ్వు అన్నీ తీసే పెట్టావు.