ఒక డిగ్రీ, ఒక మిల్లీమీటరు

హోబర్ట్, మంగళవారం

క్లెమ్ బాబాయ్,

ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నా. చల్లగా ఉంటుందని మిగతా ఆల్చిప్పల బుట్టల్ని ఏటి మొగ దగ్గరికి మార్చొద్దు.

మన ఆల్చిప్పలు వందకి ఎన్ని చస్తున్నాయో వేడి, వాన రెండూ కలిపి లెక్క కట్టాను కదా. వేడికి నాలుగు, వానకి సున్నా పాయింట్ రెండు వచ్చాయి. పెద్ద అంకె చూసి వేడిదే నేరమని, బుట్టలు ఏటి మొగకి మార్చమని పెంపకందార్ల మీటింగులో చెప్పేశాను. "చంపేది ఏట్లోంచి వచ్చే వాననీళ్లమ్మా," అని నువ్వంటే, "వయసైపోయింది బాబాయ్ నీకు," అని అందర్నీ నవ్వించాను. నువ్వు టోపీ పెట్టుకుని వెళ్లిపోయావు.

ఆ నాలుగు ఒక్క డిగ్రీకి. ఆ సున్నా పాయింట్ రెండు ఒక్క మిల్లీమీటరుకి. మన అఖాతంలో నీళ్లు వేడెక్కితే రెండు డిగ్రీలు. వాన మాత్రం ఒక్కరోజులో ఎనభై మిల్లీమీటర్లు కొడుతుంది. అంటే వందలో వేడికి చచ్చేవి ఎనిమిది, వానకి పదహారు. ఇంత చదివి, ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చేశాను.

నమ్మకపోయినా ముప్పై బుట్టలు అప్పుడే మార్చేశావట. ఎందుకని పిన్ని అడిగితే, "సొంత బాబాయే వినకపోతే దాని మాట ఇంకెవరు వింటారే?" అన్నావట.

ఆదివారం వానట. శనివారమే వస్తున్నా. నా గమ్‌బూట్లు తీసిపెట్టు. ముందు ఆ ముప్పై బుట్టల్నీ వెనక్కి లాగుదాం, తర్వాత ఆ మీటింగు హాలుకి నువ్వే నన్ను తీసుకెళ్లు.

నీ పిల్ల