కింది పెదవి

ప్రియమైన మావయ్యకు,

కంగారుపడతావని ఇన్నాళ్ళూ రాయలేదు. జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందని పళ్ళ డాక్టర్ పోయిన నెల తీసేశాడు. నొప్పీ వాపూ తగ్గాయి. కానీ కింది పెదవికి కుడివైపు స్పర్శ లేదు. నరం నలిగిందట. "వస్తుందమ్మా, కొందరికి టైం పడుతుంది" అన్నాడు. "రాకపోతే?" అన్నాను. చేతులు తుడుచుకుంటూ "చూద్దాం" అన్నాడు.

కాఫీ తాగితే గడ్డం మీద కారుతోంది, నాకు తెలీడం లేదు. హాస్టల్లో పక్క గది అమ్మాయి చెబితే తుడుచుకుంటున్నాను. ఫ్లూట్ పెదవికి ఆనిస్తే అది ఎక్కడ ఆనిందో తెలీదు. ఊదితే ఉత్త గాలి. వేసవి చివర్లో నగర వాద్యబృందానికి ఎంపిక. చిన్నప్పటి నుంచి ఆ ముందు వరస కుర్చీ గురించే కదా నీ ప్రాణం తోడేస్తున్నాను! ఇప్పుడు ఏడుపు రావాలి. రావడం లేదు.

అమ్మకి చెప్పకు.

నీ పిట్ట

*

ప్రియమైన పిట్టకు,

మీ అమ్మకి చెప్పలేదు. కానీ వడ్డిస్తూ నా మొహం చూసి, "ఏంట్రా, బస్సు ఎవరికైనా తగిలించావా?" అంది. అక్క దగ్గర అబద్ధమాడటం నావల్ల ఎప్పుడైంది? కంగారులో పంటి నొప్పన్నాను. నాకు. రేపు నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కుపోతుందట. నీ పుణ్యమా అని నా పన్ను ఊడేలా ఉంది.

పెదవికి రోజూ వేలితో మర్దనా చెయ్యి. అలవాటు పోకుండా ఉత్తినే అయినా ఊదుతూ ఉండు. చివరి స్టాపులో బస్సు ఆపి నేను ఫ్లూట్ తీస్తే, కిటికీ ఊచ పట్టుకుని నోరు తెరుచుకుని వినేదానివి. "ఇంకోటి మావయ్యా" అనేదానివి. నాకొచ్చినవి రెండే పాటలు. వాటినే ముందుది వెనక్కి, వెనకది ముందుకి తిప్పి వాయించేవాణ్ణి. నా ఊదుడికే అంత పిచ్చెక్కినదానివి, ఒక నరానికి జంకుతావా? ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. ఎంపికలు ఎక్కడికీ పోవు.

నీ మావయ్య

*

ప్రియమైన మావయ్యకు,

ఎంపిక అయిపోయింది. వెళ్ళాను, పోటీకి కాదు, చూడటానికి. ఫ్లూట్ క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయికి కుర్చీ వచ్చింది. అందరూ నా మొహం చూశారు. చప్పట్లు కొట్టాను. అరచేతులు మండాయి, అంతే.

నేను ఖాళీగా కూర్చోవడం చూడలేక గురువుగారు ఒక పని అప్పగించారు. ఆయన కట్టిన సంగీతాన్ని ఏ వాద్యానిది ఆ వాద్యానికి విడదీసి కాగితాల మీద రాయాలి. రాస్తున్నాను. గంట కొడితే తింటున్నాను. పెదవి అలాగే ఉంది. నేనూ అలాగే ఉన్నాను.

ఉత్తరం ఆలస్యమైతే ఏమీ అనుకోకు. రాయడానికి ఏమీ ఉండటం లేదు.

పిట్ట

*

పిట్టా,

రెండు ఉత్తరాలు వేశాను. జవాబు లేదు. సెలవులిచ్చినా రాలేదు. ఇక నావల్ల కాక మీ అమ్మకి చెప్పేశాను. తిట్టలేదు. లేచి వెళ్ళి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. తిట్టినా బాగుండేది.

ఆ పిచ్చి నీకంటించింది నేనే కదా. అంటించకపోతే ఇప్పుడు నీకు పోయేదేమీ ఉండేది కాదనిపిస్తోంది. డిపోలో వాళ్ళు "ఊదడం మానేశావేం?" అంటున్నారు. నువ్వు ఊదేదాకా నేనూ ఊదను.

వచ్చే ఆదివారం బయలుదేరి వస్తున్నాను. ఈలోగా ఒక్క ముక్క రాయి తల్లీ.

మావయ్య

*

ప్రియమైన మావయ్యకు,

పెదవికి స్పర్శ వచ్చింది. వచ్చి చాలా రోజులైంది.

మొదట చీమలు పాకినట్టుండేది. ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే నీళ్ళు చల్లగా తగిలాయి. తడి మొహంతోనే ఫ్లూట్ తీశాను. స్వరం పలికింది, ఇదివరకటిలా శుభ్రంగా. వాయిస్తూ సంతోషం కోసం ఎదురుచూశాను. రాలేదు. తుడిచి పెట్టెలో పెట్టేశాను. నీకు రాయనిది అందుకే. పెదవి బాగైందంటే నువ్వు గంతులేస్తావు. ఆ కుర్చీ నాకిక వద్దన్న మాట ఆ తర్వాత ఎలా చెప్పను?

సంగీతమే చచ్చిపోయిందనుకున్నాను నాలో. ఒకరోజు కాగితాలు రాస్తుంటే, వయొలిన్లు ఆగే చోట ఆగకుండా పోతే బాగుంటుందనిపించింది. మార్చి రాసేశాను, ఎవరినీ అడక్కుండా. రిహార్సల్లో అది వినబడగానే గురువుగారు చెయ్యెత్తి ఆపారు.

"ఇలా రాసిందెవరు?"

"నేనేనండి."

తిడతారనుకున్నాను. వాయించేవాళ్ళ వైపు తిరిగి, "అలాగే. మళ్ళీ మొదట్నుంచి" అన్నారు. ఆ చోటు మళ్ళీ రాగానే నా వేళ్ళు తాళం వేశాయి. ఇన్ని నెలల్లో నాకంటూ తెలిసిన మొదటి సంగతి అదే.

నేను రాస్తాను మావయ్యా. వాయించేవాళ్ళ కోసం. వచ్చే ఏడు స్వరరచన తరగతికి మారుతున్నాను. అమ్మకి నేనే చెబుతాను. అబద్ధమెందుకు, ఇంకా చాలావరకు మొద్దుబారే ఉన్నాను. కానీ నువ్వు నాకేమీ పోగొట్టలేదు. నాకోసం ఊదడం మానడమేంటి, చిన్నపిల్లాడిలా!

ఆదివారం ఒక్కడివే రాకు, అమ్మనీ తీసుకురా. స్టేషన్‌కి రాలేను, ఆ పూట రిహార్సల్ ఉంది. హాలు వెనక తలుపు తీసే ఉంటుంది, వచ్చి కూర్చోండి. స్టేజీ మీద నాకోసం వెతకొద్దు, నేనక్కడ ఉండను. ఊరికే వినండి.

నీ పిట్ట