షాక్ అబ్జర్వర్

ఫిబ్రవరి 3

రఘునాథన్ బావకు వెన్ను ఆపరేషన్ అయింది. కుదుపు తగలకూడదన్నాడు డాక్టర్. బావ ప్రాణమేమో రెండు సీట్ల ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. నిద్రమాత్ర వేసుకున్నా పొద్దుదాకా దాని ధ్యాసే. కొనడానికి చెన్నైలో ఒకాయన సిద్ధం, అమ్మేయమంటుంది కనకం అక్క. కొత్త షాక్‌లు వేస్తే చాలంటాడు బావ. చివరికి అక్క దిగివచ్చింది: ట్రయల్‌లో ఆయన ఒక్కసారి మొహం చిట్లించినా బండి చెన్నైకే. ఆ షాక్‌లు ఎంచే పని నా మీద పడింది. నాకు తెలిసింది భజన మందిరంలో నేను ఉపన్యసించే గ్రంథం ఒక్కటే. అదీ నాకు నేనే నేర్చుకున్నది.

ఫిబ్రవరి 5, ఉదయం 11

లాస్‌పేట వర్క్‌షాప్. మెకానిక్ అళగేశన్ రెండు రకాలు చూపించాడు. గ్యాస్‌వి గట్టివి, మలుపులో బండి రోడ్డుకు అతుక్కుపోతుందట. ఆయిల్‌వి మెత్తనివి, కాస్త ఊగుతుందట. ఈ బండికి మెత్తనివి వేస్తే పులికి పాలసీసా ఇచ్చినట్టేనన్నాడు. నాకూ రక్తం ఉరకలేసింది. గట్టివే చెప్పాను. కానీ వాటిని అతను ‘షాక్ అబ్జర్వర్’ అన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. అబ్జర్వర్. సాక్షి.

ఫిబ్రవరి 8

భజన మందిరంలో మైకు పగిలేలా చెప్పాను. గుంత వస్తుంది, బండి ఎగురుతుంది, కింద ఒకడు చలించకుండా చూస్తుంటాడు. వాడే షాక్ అబ్జర్వర్, వాడే నీలోని సాక్షి. జనం దండాలు పెట్టారు.

ఫిబ్రవరి 9

అక్క నా ఉపన్యాసాన్ని ఫోన్లో బావకు వినిపించింది. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం ఇదే మొదలు. వెన్ను పట్టుకుని మరీ నవ్వాడు. మచ్చాన్, అది అబ్జర్వర్ గాదు, అబ్జార్బర్ అన్నాడు. గుంతలో పడితే కండ్లప్పగించి చూసేటోడు నాకేంటికి, దెబ్బ తాను తినేటోడు గావాల అన్నాడు. చూసేదానికి మీ అక్క ఉండాదిలే అని కూడా. యాడ చూడనిస్తివి, కుట్లు గూడా దాస్తివే అంది అక్క.

సిగ్గుతో గ్రంథం తెరిచాను. లోపలి సాక్షిని చెప్పే శ్లోకంలో మొదటి మాట ‘చూసేవాడు’. మూడోది ‘భర్త’. భరించేవాడు. ఇన్నేళ్ళూ మొదటి మాట దగ్గరే గొంతు చించుకున్నాను.

అళగేశన్‌కు ఫోన్ చేసి మెత్తనివి వేయమన్నాను. ఏంది సామీ, సాక్షి మనసు మార్చుకున్నాడా అన్నాడు. వాడూ మందిరానికి వచ్చాడన్నమాట.

ఫిబ్రవరి 12

ఆయిల్‌వి బిగించారు. గ్రంథం డాష్‌బోర్డులో పెట్టాను.

ఫిబ్రవరి 14, సాయంత్రం 5

ఉన్నవి రెండే సీట్లు, నడిపేది నేను. అందుకని బావ మొహం చూసే పని నాకే అప్పజెప్పింది అక్క. అబద్ధం చెప్పనని గ్రంథం మీద ఒట్టు వేయించుకుంది. చూసేవాణ్ణి చివరికి నేనే అయ్యాను.

తేంగాయితిట్టు హార్బర్ రోడ్డు, అన్నీ గుంతలే. మొదటి గుంత వచ్చింది. బండి దిగింది, లేచింది, సర్దుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు. నొప్పా అని అడిగాను. ఇంకో గుంత. ఆయన తల నా భుజం వైపు వాలింది. భయమేసి పక్కకు తీసి ఆపాను. వెనక చేపల వ్యాను హారన్ మోగిస్తోంది.

బావ గురక పెడుతున్నాడు.

ఫిబ్రవరి 15

మందిరానికి వెళ్ళలేదు. బావకు నిద్ర పట్టడం లేదని అక్క ఫోన్ చేసింది. గుంతలు వెతుక్కుంటూ బయల్దేరాం.