మీ వాకిట్లో పిచ్చుకలు

ఖాదర్,

పోలీసు చర్య జరిగి ఏడాదైంది. అల్లర్లలో చిక్కుకున్న చెల్లెల్ని తీసుకొస్తానని నువ్వు బీదరు వైపు వెళ్లి కూడా ఏడాదే. ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో ఏ సర్కారు కచేరీలోనూ ఎవరూ చెప్పలేదు. అయినా నీ పిచ్చుకల సంగతి ఇంకెవరికి రాయను?

పోలీసు చర్య వార్షికోత్సవ ప్రత్యేక సంచికకు నా వ్యాసం అడిగిన సంపాదకుడు పిచ్చుకల ఫోటో కూడా కావాలన్నాడు. దాని కింద "శాంతి తిరిగి వచ్చింది" అని వేస్తాడట. నువ్వు నా దగ్గర ఉంచిన కెమెరా తీసుకుని సీతాఫల్‌మండిలో మీ ఇంటికి వెళ్లాను. ఏటా వదిన బియ్యం చెరిగే వేళకు నువ్వు పిచ్చుకల ఫోటోలు అక్కడే తీసేవాడివి. ఆ గుంపు ఒక్క ఫోటోలో ఎప్పుడూ పట్టలేదు.

ఇప్పుడు వదిన మౌలాలిలో తన తమ్ముడింట్లో ఉంది. మీ తలుపుకి తాళం. వాకిట్లో ఒక్క పిచ్చుక లేదు.

పక్కింటి ఎల్లమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం దీస్తున్నవ్ సారూ, తాళమా?"

"పిచ్చుకలు కావాలి."

"చెరిగెటోళ్లు లేకుంటే నూకలేడికెల్లి వస్తయ్? అన్నీ మా ఇంట్లనే తిని పంటున్నయ్. ఖాదర్ భాయ్ రానీ, ఆయనవి ఆయనకు అప్పజెప్త."

ఖాళీ వాకిలినే ఫోటో తీసి సంపాదకుడికిచ్చాను.

"ఇందులో పిట్ట ఏదండీ?" అన్నాడు.

"మనిషి ఏడని ముందు మీ పత్రికలో అడగండి. పిట్ట సంగతి తరువాత."

అడగనన్నాడు. వ్యాసం వెనక్కి తెచ్చుకున్నాను.

కెమెరాలో ఇంకా రీలు మిగిలి ఉంది. ఎల్లమ్మ ఇంట్లో పిచ్చుకలను మాత్రం తీయలేదు. అవి నీవి.