మధ్య వరసకి క్షమాపణ చెప్పను

న్యూ హాంప్‌షైర్,
మార్చి నెల.

ఓరిన్ బావకు,

నీ ఉత్తరం అందింది. హాల్లో మధ్య వరసలో ఆడేవాళ్లకు నేను క్షమాపణ చెప్పాలని డాన్సు కమిటీ పెద్ద హోదాలో రాశావు. చెప్పను.

జంటలు వరసలు కట్టి ఎదురెదురుగా ఆడే కాంట్రా డాన్సుకి, పాట సాగుతుండగా మైకులో అడుగులు చెప్పడం నాకు నేర్పింది నువ్వే. పాట మలుపు తిరగకముందే మాట అందాలన్నావు, నేర్చుకున్నాను. కానీ వేదికెక్కితే ఏం కనిపిస్తుందో నువ్వు చెప్పలేదు. ఆరితేరినవాళ్లంతా ముందే జంటలు కుదుర్చుకుని బ్యాండు ఎదుట మధ్య వరసలో చేరతారు. కొత్తవాళ్లు పక్క వరసల్లో ఒకరినొకరు గుద్దుకుంటూ తిరుగుతారు. సగంమంది విరామంలోనే కోటు తొడుక్కుని మంచులోకి వెళ్లిపోతారు.

అందుకే శనివారం ఫిడేలు ఆపించాను. "మధ్య వరస వాళ్లు తలా ఒక కొత్త మనిషిని జంటగా తెచ్చుకోండి. అప్పటిదాకా పాట లేదు" అన్నాను.

"నేనొచ్చింది ఆడ్డానికమ్మా, బడి నడపడానిక్కాదు" అంది మధ్య వరసలోంచి ప్రుడెన్స్.

"మొదటిరోజు కుడేదో ఎడమేదో తెలీక పియానో మీద పడబోయావే, అప్పుడు నిన్ను పట్టుకున్నదెవరు? మా బావ కాదూ?" అన్నాను.

మైకులో అన్నానని నీ బాధ. ఇంకెక్కడ అనాలి?

తలా ఒకరిని తెచ్చుకున్నాక, తర్వాతి పాటకి కొత్తవాళ్లు ఎంత బాగా తిరిగారంటే, నేను మధ్యలోనే చెప్పడం మానేశాను. ఒక్క వరసా చెదరలేదు. మన నోటికి పని లేకుండా పోవడమే గెలుపని నువ్వే కదా అనేవాడివి?

వచ్చే శనివారమూ నేనే చెబుతాను. కావాలంటే కమిటీ అంతా వచ్చి నన్ను దింపండి. నువ్వొస్తే మాత్రం మధ్య వరసకి పోకు. తలుపు దగ్గర ఎవరో ఒకరు కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంటారు. ముందు వాళ్ల చెయ్యి పట్టుకో.

నీ మరదలు